సెంటు సీసాకి మీసాలు పెట్టిందెవరు?

పోయిన నెల్లో మా అమ్మాయి పుట్టినరోజని తిరువూరు బస్టాండ్ దగ్గర ఒక ఫ్యాన్సీ షాపుకి పోయాను. అద్దాల బీరువాలో సెంటు సీసాలు రెండు అరల్లో పేర్చి ఉన్నాయి. పై అరలో నలుపు, ముదురు నీలం, ఇనప రంగు సీసాలు. వాటి పేర్లు చూస్తే యుద్ధానికి పోతున్నట్టే ఉంటాయి. కింద అరలో గులాబీ రంగు, లేత ఊదా రంగు. పేర్లలో పూలు, సీతాకోకచిలకలు, ముద్దులు. పై అరలో ఒకటి తియ్యమన్నాను. కొట్లో కుర్రాడు తియ్యలేదు. "అక్కా, మీకు కిందవి. పైవి జెంట్స్‌వి" అన్నాడు. తేడా ఏంటయ్యా అంటే కాసేపు ఆలోచించి, "ఇవి స్ట్రాంగ్ అక్కా, అవి లైట్" అన్నాడు. నేనే చెయ్యి పెట్టి ఒకటి తీసి మణికట్టు మీద కొట్టుకున్నాను. మా ఇంట్లో సాన మీద గంధం చెక్క అరగదీస్తే వచ్చే వాసన. అదే కొన్నాను. బిల్లు రాసేటప్పుడు రెండుసార్లు అడిగాడు, "సార్‌కేనా అక్కా?" అని.

ఆ కుర్రాణ్ణి అనేదేం లేదు. వాడికి కంపెనీ చెప్పింది, కంపెనీకి టీవీ యాడ్ తీసినోళ్లు చెప్పారు. నేనడిగేది ఆ పై నుంచి వచ్చే మాట గురించి. వాసనకి ఆడా మగా ఎట్టా వచ్చింది? ఎవరు తెచ్చారు? తెచ్చినందువల్ల మన ఆడపిల్లల మీద ఏం పడుతోంది? నేను పెద్ద చదువులు చదువుకున్నదాన్ని కాదు. పుస్తకాల్లో, పేపర్లలో ఏరుకున్నదీ, ఊళ్లో కళ్లారా చూసిందీ కలిపి రాస్తున్నా.

ముందు సీసాలో ఏముంటుందో చూద్దాం. మనం అన్నింటినీ సెంటనే అంటాం గానీ అందులో రకాలున్నాయి. పెర్‌ఫ్యూమ్ అంటే స్పిరిట్‌లో కలిపిన సుగంధ నూనెలు. నూనె పాలు ఎక్కువైతే ఎక్కువసేపు నిలుస్తుంది, తక్కువైతే తొందరగా పోద్ది, అంతే. బుస్సుమనే బాడీ స్ప్రేలో ఆ బుస్సు ఎక్కువ భాగం గ్యాసే. వంటగ్యాసుకి అన్నదమ్ముల వరస గ్యాస్. అందుకే డబ్బా మీద మంట బొమ్మ వేస్తారు. చెమటనే ఆపే రకం ఇంకోటుంది, దాంట్లో అల్యూమినియం లవణాలుంటాయి. ఇక చెమట సంగతి. చెమటకి దానంతటదిగా వాసన పెద్దగా ఉండదు. చంకల్లో ఉండే సూక్ష్మజీవులు దాన్ని తిన్నాక పుట్టేదే మనకొచ్చే వాసన. ఈ పని ఆడ ఒంట్లోనూ మగ ఒంట్లోనూ ఒకేలాగా జరుగుద్ది. అంటే మందు కోసం రెండు అరలు అక్కర్లేదు.

మరి మగ వాసన అని దేన్నంటున్నారు? ఈ కథ 1882లో పారిస్‌లో మొదలైందని చెప్పుకోవచ్చు. ఊబిగాఁ అనే కంపెనీ 'ఫుజేర్ రాయల్' అని ఒక సెంటు తెచ్చింది. దాంట్లో కూమరిన్ అనే పదార్థం వాడారు. దాన్ని 1868లోనే విలియం పెర్కిన్ అనే ఇంగ్లీషు రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో తయారుచేశాడు. కూమరిన్ వాసన ఎట్టా ఉంటుందంటే, అప్పుడే కోసి ఎండబెట్టిన గడ్డి వాసన. ఆ సెంటు దారిలోనే తర్వాత వందల కొద్దీ మగ సెంట్లు వచ్చాయి. ఇప్పుడు మీరు బార్బర్ షాపులో గడ్డం గీసుకున్నాక కొట్టే వాసనలో సగం ఆ కుటుంబానిదే. ఎండుగడ్డి వాసన మగతనం అంట! మా వైపు గడ్డి కోసేదెవరు, మోపు కట్టి నెత్తిన పెట్టుకుని పొలం నుంచి ఇంటికి మోసేదెవరు? ఆ లెక్కన కూమరిన్ మా పెద్దమ్మ పేరు మీద ఉండాల్సింది.

వట్టివేరు సంగతీ ఇంతే. ఫ్రెంచోళ్లు, ఇంగ్లీషోళ్లు దాన్ని వెటివర్ అంటారు, ఆ మాట మన పక్కనున్న తమిళం నుంచి పోయిందే. వాళ్ల దుకాణాల్లో వెటివర్ అంటే పెద్దమనుషుల సెంటు, సూటు వేసుకున్న మగాళ్ల సెంటు. మన ఇళ్లల్లో వట్టివేరు తడికెలు కిటికీలకి కడితే ఆ చల్లగాలి ఆడా మగా తేడా లేకుండా అందరికీ వచ్చేది. కుండనీళ్లల్లో వేసేవాళ్లు, తలనూనెలో వేసేవాళ్లు.

అన్నింటికంటే తమాషా మొగలిపువ్వుది. పెళ్లిలో జడ కుట్టేటప్పుడు మొగలిరేకులు పెడతారు కదా, అది ఆడపిల్ల అలంకారం. మొగలి చెట్లలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. ఆ ఘాటైన వాసన వచ్చేది మగ చెట్టు పువ్వుకే. మన పక్కనున్న ఒడిశాలో, బరంపురం చుట్టూ తెలుగోళ్లు బాగా ఉండే గంజాం జిల్లాలో, ఆ మగ పూలు కోసి బట్టీల్లో వండి అత్తరు, కేవ్డా నీళ్లు తీస్తారు. ఆ అత్తరు మళ్లీ మగాళ్ల చెవుల వెనక్కి పోద్ది. ఒక్క పువ్వే. ఇక్కడ జడలో, అక్కడ చెవి వెనక. దీంట్లో ఏది ఆడ వాసన, ఏది మగ వాసన?

మల్లెపువ్వు కూడా అంతే. ఎండాకాలంలో బెజవాడ బస్సెక్కితే మైలవరం, జి.కొండూరు వైపు మల్లెతోటల వాసన కిటికీలోంచి వచ్చిద్ది. మనకి మల్లె అంటే ఆడోళ్ల తల్లో పూలు. ఆ మల్లెలే ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో రాగి బానల్లో ఉడికి, వెదురు గొట్టం గుండా ఆవిరై, గంధం నూనెలో దిగితే మల్లె అత్తరు. హైదరాబాద్ చార్మినార్ దగ్గర అత్తరు దుకాణాల్లో గడ్డాలున్న పెద్దాయనలు శుక్రవారం నమాజుకి ముందు పూసుకునేది ఆ అత్తరే. గులాబీ కూడా. వాళ్ల మగతనానికి గులాబీ వల్ల వచ్చిన లోటేమీ నేను చూళ్లేదు.

మన తెలుగు చరిత్రలో కొంచెం వెనక్కి పోయినా ఇదే కనపడుద్ది. కొండవీటి రెడ్డిరాజు కుమారగిరి 1386 నుంచి 1402 దాకా పాలించాడు. ఏటా వసంతోత్సవాలు చేసి కర్పూరం చల్లించేవాడని ఆయనకి కర్పూర వసంతరాయలనే పేరొచ్చింది. కత్తి పట్టిన రాజుకి కర్పూరం పేరు! ఆ ఉత్సవాలకి సుగంధ ద్రవ్యాలు సరఫరా చేసిన వర్తకుడు అవచి తిప్పయ్య సెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఆయనకే. అంటే సెంటు వ్యాపారి కావ్యానికి కృతిభర్త అయ్యాడు. మరీ రాజుల దాకా ఎందుకు, మన పెళ్లిళ్లలో గుమ్మం దగ్గర పన్నీరు బుడ్డితో చల్లేది అందరి మీదా. గంధం రాసేది అందరికీ. నలుగు పెట్టేది పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ కూడా. పసిపిల్లకి వేసే సాంబ్రాణి పొగ మగపిల్లాడికీ వేస్తాం. నా చిన్నప్పుడు చెక్కపెట్టె పట్టుకుని అత్తరు సాయిబు వచ్చేవాడు. పుల్లకి దూది చుట్టి, సీసాలో ముంచి, అడిగినోళ్లందరి మణికట్లకీ రాసేవాడు. మా నాన్న ఆ దూది ఉండ చెవిలో పెట్టుకుని సంతకి పోయేవాడు.

ఇట్టా చెప్తే మన పాత పద్ధతులన్నీ బంగారం, పాడంతా కంపెనీలే చేశాయి అనుకునేరు. అది అబద్ధం. వాసన మీద కాపలా పెట్టడం మనకీ బాగా తెలుసు. మా నాన్న పోయినప్పుడు అమ్మకి 36 ఏళ్లు. పదకొండో రోజున వాళ్లు తీసేసినవాటిల్లో గాజులు, బొట్టుతో పాటు పూలు కూడా ఉన్నాయి. మొగుడు పోతే ఆడమనిషి ఒంటి నుంచి మంచి వాసన రాకూడదన్నమాట. భార్య పోయిన మగాడికి అత్తరు మానుకోమని చెప్పిన ఊరు నేనింతవరకూ చూళ్లేదు. మా పెరట్లో మల్లెతీగ ఉండేది. అమ్మ రోజూ సాయంత్రం పూలు కోసి, మాలలు కట్టి, ఇరుగు పొరుగు ఆడపిల్లలకి పంపేది. తను మాత్రం ఒక్క రెమ్మ పెట్టుకోలేదు. కందుకూరి వీరేశలింగం గారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబర్ 11న. నూట నలభై ఏళ్లు దాటిపోయాయి. తల్లో పువ్వు దగ్గర మాత్రం ఇప్పటికీ మా పేట ఆగిపోయే ఉంది.

ఇంకోటి. "సెంటు కొట్టుకుని పోతంది" అనే మాట ఆడపిల్ల మీద ఎట్టా వాడతారో మీకు తెలుసు. మగపిల్లాడు సెంటు కొడితే షోకు. ఆడపిల్ల కొడితే ఎవరి కోసం అని ఆరా. ఒంటి మీద వాసన రావడమే పిలుపు అన్నట్టు. ఈ పాత అనుమానం మీదే కంపెనీలు మేడ కట్టాయి. పునాది మనదే, మేడ వాళ్లది.

ఆ మేడ ఎట్టా కట్టారో తెలియాలంటే అమెరికా పోవాలి. ఎడ్నా మర్ఫీ అనే అమ్మాయి సిన్సినాటి ఊళ్లో వాళ్ల డాక్టర్ నాన్న ఆపరేషన్లు చేసేటప్పుడు చేతులకి చెమట పట్టకుండా వాడే ద్రవాన్ని చంకలకి వాడి, ఓడోరోనో అని పేరు పెట్టి అమ్మకానికి పెట్టింది. మొదట్లో ఎవరూ పెద్దగా కొనలేదు. చెమట పట్టడం జబ్బా ఏంటని. అప్పుడు జేమ్స్ వెబ్ యంగ్ అనే యాడ్ రాతగాడు 1919లో ఒక ఆడవాళ్ల పత్రికలో ప్రకటన రాశాడు. దాని సారం ఇది: నీ దగ్గర వాసన వస్తోంది, నీకు తెలీదు, నీ వెనక అందరూ అనుకుంటున్నారు, అందుకే నీకు మగాడు దొరకడు. ఆ ప్రకటన చూసి సుమారు రెండు వందల మంది ఆడవాళ్లు అసహ్యపడి పత్రికకి చందా మానేశారు. కానీ ఏడాదిలో ఓడోరోనో అమ్మకాలు 112 శాతం పెరిగాయి. నన్నడిగితే ఈ వ్యాపారం మొత్తానికి పునాది రాయి ఈ ఒక్క ప్రకటనే. ముందు సిగ్గు అమ్మారు, దాని వెనక మందు అమ్మారు.

ఆడోళ్ల చంకలు అయిపోయాక 1930ల్లో మగోళ్ల మీద పడ్డారు. అప్పుడు అమెరికాలో పనులు దొరక్క జనం అల్లాడుతున్నారు. మగాడికి వేరే భయం పెట్టారు: చెమట కంపు కొడితే ఉద్యోగం పోద్ది. చూడండి, ఆడదానికి మొగుడు పోతాడని భయం, మగాడికి ఉద్యోగం పోద్దని భయం. మందు ఒకటే, బెదిరింపులే రెండు. రెండు సీసాలు పుట్టింది అక్కడే. ఇంట్లో నలుగురికి ఒక సీసా సరిపోయేచోట ఇద్దరికి ఇది, ఇద్దరికి అది అని రెండు కొనిపించొచ్చు. వ్యాపారికి ఇంతకంటే ఏం కావాలి?

ఓల్డ్ స్పైస్ మీకు తెలిసే ఉంటుంది. తెల్ల సీసా, మీద ఓడ బొమ్మ, మగతనానికి మారుపేరు. మన ఊళ్లల్లో కూడా గల్ఫ్ నుంచి వచ్చినోళ్లు తెచ్చిచ్చేవాళ్లు. ఆ ఓల్డ్ స్పైస్‌ని షల్టన్ కంపెనీ 1937లో మొట్టమొదట తెచ్చింది ఆడవాళ్ల కోసం! మగవాళ్లది తర్వాతి సంవత్సరం, 1938లో వచ్చింది. ఇప్పుడు ఆ సంగతి ఎవరికీ గుర్తు లేదు, మగ పేరే మిగిలింది. పేరుకి మీసాలు పెట్టడం, తీసెయ్యడం ఎంత తేలికో చూడండి.

ఇక మన దేశం. పాత రోజుల్లో మనకి వాసన వచ్చేది సబ్బులోనే. అక్కడా పంపకాలున్నాయి. లక్స్ అంటే సినిమా తార, 1941లో లీలా చిట్నిస్ నుంచి మొదలు. లైఫ్‌బాయ్ అంటే బంతాట ఆడే మగాళ్ల ఆరోగ్యం. సింథాల్ అంటే గుర్రం ఎక్కిన వినోద్ ఖన్నా. ఆడదానికి అందం, మగాడికి బలం. మధ్యలో మైసూర్ శాండల్ ఒకటి ఎవరి జోలికీ పోకుండా ఇంటిల్లిపాదికీ సరిపోయింది. అయినా సబ్బు యాడ్‌లు కొంచెం మర్యాదగానే ఉండేవి.

మర్యాద గీత దాటింది బాడీ స్ప్రేలతో. యాక్స్ అనేది యూనిలీవర్ వాళ్ల సరుకు. 1983లో ఫ్రాన్స్‌లో పుట్టి 1999లో మన దగ్గరకొచ్చింది. దాని యాడ్‌లన్నింటిలో కథ ఒక్కటే. కుర్రాడు బుస్సుమని కొట్టుకుంటాడు, ఆడపిల్లలు తెలివి తప్పి వాడి మీదకి పరిగెత్తుకొస్తారు. వాడు మాట్లాడక్కర్లేదు, అడగక్కర్లేదు. పిల్లకి ఇష్టముందా లేదా అన్న ప్రశ్నే లేదు. ఇష్టం డబ్బాలో ఉంది. 2008లో చాక్లెట్ మనిషిని ఆడపిల్లలు కొరుక్కుతినే యాక్స్ యాడ్‌ని కేంద్ర సమాచార ప్రసార శాఖ ఆపించింది. 2009లో ఒక తమాషా జరిగింది. ఏళ్ల తరబడి యాక్స్ కొట్టుకున్నా ఒక్క పిల్ల కూడా దగ్గరికి రాలేదని ఢిల్లీ కుర్రాడొకడు కంపెనీ మీద కేసేశాడని వార్త ప్రపంచమంతా తిరిగింది. అది ఫేకింగ్ న్యూస్ అనే వ్యంగ్య సైట్ వాళ్లు నవ్వుకోవడానికి రాసింది. బయట దేశాల్లో నిజమనుకుని వేసుకున్నారు. జనం నమ్మారంటే యాడ్‌ని ఎంత నమ్మారో అర్థం చేసుకోండి.

యాక్స్ వెనకాలే మన కంపెనీలు. వైల్డ్ స్టోన్ యాడ్ ఒకటుండేది. పండగ రోజు, చీర కట్టుకున్న ఇల్లాలు, ఇంట్లో ఎదురుపడ్డ మగాడి వాసన తగలగానే లోకం మర్చిపోద్ది. పెళ్లయిన ఆడమనిషి మనసు కూడా సీసాడు సెంటుకి లొంగిపోయే సరుకే అని దాని అర్థం. అదే రకం ఇంకా అరడజను వచ్చాయి. 2011 మే నెలలో సమాచార ప్రసార శాఖ ప్రకటనల ప్రమాణాల మండలికి, అంటే ఆస్కీకి, వీటి సంగతి చూడమని రాసింది. వైల్డ్ స్టోన్, సెట్ వెట్ జటాక్, యాక్స్ లాంటి పేర్లు అందులో ఉన్నాయి. కొన్ని ఆగాయి, కొన్ని వేషం మార్చుకుని మళ్లీ వచ్చాయి.

అదే రోజుల్లో అహ్మదాబాద్ నుంచి ఫాగ్ వచ్చింది, వినీ కాస్మెటిక్స్ వాళ్లది. వాళ్లు మొదట ఆడపిల్లల్ని పరిగెత్తించలేదు. మా డబ్బాలో గ్యాస్ లేదు, ఎక్కువసార్లు వస్తుంది, లెక్కపెట్టుకోండి అన్నారు. అంతే. కొన్నేళ్లల్లో యాక్స్‌ని దాటి మొదటి స్థానానికి పోయింది. కంపెనీ మీద నాకేం ప్రేమ లేదు. కానీ "అట్టాంటి యాడ్‌లు లేకపోతే అమ్ముడుపోదండీ" అనే వాదనకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు. మన దేశంలో మామూలు కొనుగోలుదారుడికి కావాల్సింది డబ్బుకి తగ్గ సరుకు.

తర్వాత 2022 జూన్ వచ్చింది. లేయర్ షాట్ అనే బాడీ స్ప్రే యాడ్‌లు రెండు. ఒకదాంట్లో సూపర్ మార్కెట్‌లో ఒంటరిగా ఉన్న అమ్మాయి వెనక నలుగురు కుర్రాళ్లు నిలబడి, మనం నలుగురం, అది ఒక్కటే, షాట్ ఎవరు కొట్టాలి అన్నట్టు మాట్లాడుకుంటారు. ఆ అమ్మాయి బెదిరిపోయి వెనక్కి తిరుగుద్ది. చూస్తే వాళ్లు మాట్లాడుకునేది అరలో మిగిలిన ఒక్క సీసా గురించి. అదీ జోకు. రెండోది పడగ్గదిలో, అదే తరహా. సామూహిక అత్యాచారం భయాన్ని నవ్వులాటకి వాడుకున్నారు. నిర్భయ ఘటన జరిగిన పదేళ్లకి! ఢిల్లీ మహిళా కమిషన్ పోలీసులకి రాసింది, ఆస్కీ వెంటనే ఆపెయ్యమంది, జూన్ 4న కేంద్రం యూట్యూబ్, ట్విట్టర్లని తీసెయ్యమంది. రెండు రోజులకి కంపెనీ క్షమాపణ చెప్పింది. ఆ యాడ్ ఒక్కడు తీసింది కాదండీ. రాసినోడు, తీసినోడు, డబ్బిచ్చినోడు, టీవీలో వేసినోడు ఉంటారు. ఇన్ని బల్లల మీదుగా పోయినా ఇది తప్పు అని ఆపిన చెయ్యి ఒక్కటీ లేకపోయింది. అక్కడే నాకు భయమేసింది.

ఇప్పుడు మళ్లీ మా ఊరొద్దాం. యాడ్ చూసి ఎవడూ చెడిపోడు, టీవీ చూసి కత్తి పట్టడు అని నాతో వాదించేవాళ్లున్నారు. 2004లో బెజవాడలో కాలేజీ తరగతి గదిలోనే, తన ప్రేమని ఒప్పుకోలేదని ఒకడు విద్యార్థినిని చంపేశాడు. 2008 డిసెంబర్లో వరంగల్లో ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు, ఒకమ్మాయి చనిపోయింది. వీటికి సెంటు యాడ్‌లు కారణం అని నేననను, అట్టా అనడం మూర్ఖత్వం. నేననేది ఒక్కటే. పిల్ల "వద్దు" అంటే అది మాట కాదు, ఇంకొంచెం గట్టిగా ప్రయత్నించమని దాని అర్థం అని మన కుర్రాళ్లకి సినిమా నేర్పుతోంది. అసలు పిల్ల మాటతోనే పని లేదు, వాసన చాలు అని ముప్ఫై సెకన్ల యాడ్ రోజుకి పదిసార్లు నేర్పుతోంది. పదిహేనేళ్ల పిల్లాడికి వేరే ఎవరూ ఈ సంగతులు చెప్పరు. ఇంట్లో చెప్పరు, బళ్లో ఆ పాఠం దాటేస్తారు. ఇక వాడికి గురువెవరు?

మా వైపు ఒక ట్యుటోరియల్‌లో రెండేళ్ల క్రితం జరిగింది చెప్తా. కుర్రాళ్లు డియో డబ్బా తెచ్చి, ముందు బెంచీల్లో అమ్మాయిల మీద వెనక నుంచి కొట్టి నవ్వుకునేవాళ్లు. వాసన తగిలితే తిరిగి చూస్తారో లేదో అని పందెం. ఒకమ్మాయికి ఆయాసం ఉంది, దగ్గుతో అల్లాడిపోయింది. వాళ్ల అమ్మానాన్నలు పోయి అడిగితే అక్కడోళ్లు చెప్పిన పరిష్కారం, అమ్మాయిల్ని గోడవైపు కూర్చోబెట్టడం. ఇంకో మాట కూడా అన్నారంట: మీ అమ్మాయి కూడా పౌడరూ సెంటూ తగ్గించుకుంటే మంచిదని. ఆ అమ్మాయి నాలుగు రోజులు పోయి మానేసింది. ఇప్పుడు ఇంట్లోనే ఉంది, సంబంధాలు చూస్తున్నారు.

ఇంకో పక్క చెమట సంగతి. మిరపకోతకి, పత్తితీతకి పోయే ఆడోళ్లు ఆటోలో పాతికమంది కుక్కుకుని వస్తారు. మామిడికాయల సీజన్లో తోటల్లో మోత మోసేవాళ్లు. సాయంత్రం వాళ్ల ఒంటి మీద ఉండేది పని వాసన. ఇదివరకు దాన్నెవరూ తప్పు పట్టేవాళ్లు కాదు. ఇప్పుడు బస్సులో పక్కన కూర్చుంటే ముక్కు మూసుకునేవాళ్లు తయారయ్యారు. ఆ ముక్కు మూసుకోవడంలో కులం కూడా ఉందని వేరే చెప్పక్కర్లేదు. యాడ్‌లో మగాడి చెమట జిమ్‌లో మెరుస్తుంది, అది వీరత్వం. ఆడమనిషి చెమట మాత్రం చంకలో నల్ల మచ్చ, దాచుకోవాల్సింది. కూలికి పోయే మా చెల్లెళ్లు పది రూపాయల జేబు సెంటు కొనుక్కుని ఆటో దిగేముందు కొట్టుకోవడం నేను చూశాను. కొనుక్కోనివ్వండి, తప్పు లేదు. సిగ్గుతో కొనిపిస్తున్నారు, నాకు నచ్చనిది అది.

చట్టం ఏమంటుందో కూడా తెలుసుకోండి, పనికొస్తుంది. స్త్రీలని అసభ్యంగా చూపించడాన్ని నిషేధించే చట్టం 1986లోనే వచ్చింది. 1994 నాటి కేబుల్ టీవీ నిబంధనల్లో ఏడో నిబంధన ఇంకా ముందుకు పోయింది. ఆడవాళ్లని కించపరచకూడదు, అణిగిమణిగి ఉండేవాళ్లుగా చూపించి అదే వాళ్ల స్థానం అన్నట్టు ప్రోత్సహించకూడదు అంటుంది. దాన్ని నిజంగా అమలు చేస్తే టీవీలో సగం యాడ్‌లు ఉండవు. ఆస్కీ అనేది 1985లో ప్రకటనల రంగం వాళ్లే పెట్టుకున్న సంస్థ. లేయర్ షాట్ గొడవ జరిగిన ఆ జూన్‌లోనే వాళ్లు ఆడ మగ మూసల మీద మార్గదర్శకాలు కూడా ఇచ్చారు. ఎవరైనా ఆన్‌లైన్లో ఫిర్యాదు చెయ్యొచ్చు, పైసా ఖర్చు లేదు. జేబు సెంటు కొడితే అన్ని రోజులుంటుంది, ఇన్ని రోజులుంటుంది అని అబద్ధం చెప్తే అది వేరే కేసు. 2019 వినియోగదారుల చట్టం కింద తప్పుదారి పట్టించే ప్రకటనకి మొదటిసారి పది లక్షల దాకా జరిమానా వెయ్యొచ్చు. 1915కి ఫోన్ చేస్తే జాతీయ హెల్ప్‌లైన్ పలుకుద్ది. చిక్కేంటంటే ఇప్పుడు పిల్లలు చూసేది టీవీ కాదు, ఫోను. రీల్స్‌లో పేరున్న కుర్రాడు సీసా పట్టుకుని "ఇది కొడితే క్రష్ పడిపోద్ది" అంటే అది యాడో, వాడి సొంత మాటో పిల్లలకి తెలీదు. డబ్బు తీసుకుని చెప్తే ఆ సంగతి పైన రాయాలని నిబంధన ఉంది. రాసేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మార్పు లేదని కూడా అననులెండి. 1994లోనే కాల్విన్ క్లైన్ కంపెనీ సీకే వన్ అని ఆడా మగా ఇద్దరికీ ఒకటే సీసా తెచ్చి బాగానే అమ్మింది. యాక్స్ కూడా 2016 నుంచి ఆడపిల్లల పరుగు కథ తగ్గించింది. జ్ఞానోదయమైందో, అమ్మకాలు తగ్గాయో వాళ్లకే తెలియాలి. మన ఊళ్ల దాకా మాత్రం ఆ రెండు అరలు అట్టాగే ఉన్నాయి.

ఇంతకీ నేను కొన్న సీసా సంగతి. ఇంటికి తెచ్చి మా అమ్మాయికిచ్చాను. అది చూసి, "అమ్మా, ఇది బాయ్స్‌ది" అంది ముందు. వాసన చూశాక ఏం మాట్లాడకుండా కొట్టుకుంది. మంచం మీద కూర్చున్న మా అమ్మ చెయ్యి చాపింది. ఆమెకిప్పుడు డెబ్భై దగ్గరపడుతున్నాయి. తల్లో పువ్వు పెట్టుకోమని నేను ఎన్నేళ్లు పోరినా వినలేదు. మనవరాలు మణికట్టు మీద రెండుసార్లు కొట్టింది. అమ్మ చాలాసేపు వాసన చూసుకుంది. తర్వాత చెయ్యి చీర కొంగులో దాచుకుని, "ఇది మగోళ్లదా, ఆడోళ్లదా?" అని అడిగింది. మగోళ్లదని రాశారమ్మా అన్నాను.

"అయితే ఎవరూ ఏమనుకోరులే" అంది. "మూత పెట్టవే, పోద్ది."